నాన్న తుపాకీ

‘తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి గార్డు మృతి’

జర్నలిజం డిప్లొమా చేసి డెస్కులో చేరిన కొత్తలో నేను దిద్దిన వార్త ఇది. సింగిల్ కాలమ్. ఊరు, వయసు, కేసు నమోదు... అయిదు నిమిషాల పని. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయా. మా నాన్న కూడా గార్డేనన్న సంగతి ఆ రాత్రి నాకు తట్టనేలేదు.

నాన్న సైన్యంలో పద్దెనిమిదేళ్లు చేసి, హవల్దారుగా వచ్చేశారు. తర్వాత విశాఖలో ఓ బ్యాంకు గుమ్మం దగ్గర ఉద్యోగం. లైసెన్సు తీసుకుని సొంతంగా కొనుక్కున్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఆయనది. పద్నాలుగేళ్లలో అది ఒక్కసారీ పేలలేదు. పేలని తుపాకీ ఇంట్లో గొడుగుతో సమానం. పొద్దున నాన్నతో వెళ్తుంది, సాయంత్రం వస్తుంది, బీరువాలోకి పోతుంది.

ఆదివారం మధ్యాహ్నం దాన్ని తుడవడం ఆయనకో నియమం. కర్రకి పాత పంచె పేలిక చుట్టి, అమ్మ కొబ్బరినూనెలో ముంచి గొట్టాల్లో ఆడించేవారు. ‘మిలటరీలో ఇచ్చే నూనె ఇక్కడెక్కడ దొరుకుతుందే’ అనేవారు.

ఓ చలికాలం ఆదివారం... నాన్న తుపాకీ మడత విప్పగానే ఓ తూటా జారి మంచం మీద పడింది. ముందురోజు డ్యూటీ దిగేటప్పుడు రెండూ తీశాననుకుని ఒకటే తీశారు. అంటే, రాత్రంతా బీరువాలో తూటాతో ఉన్న తుపాకీ. పక్క గదిలో మా అయిదేళ్ల బాబు!

ఎవరం మాట్లాడలేదు. అమ్మ వచ్చి బాబుని ఎత్తుకుని వీధిలోకి వెళ్లిపోయింది. నాన్న ఆ తూటా వంకే చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం దేనికైనా పరిష్కారం కొట్లో దొరుకుతుందని నమ్మకం. ‘మంచి క్లీనింగ్ కిట్ ఉంటే పద్ధతి అదే వస్తుంది’ అనుకుంటూ మర్నాడే తుపాకుల దుకాణానికి వెళ్లా. ముప్ఫై రకాల సామగ్రి ఉన్న పెద్ద పెట్టె చూసి ‘ఇదివ్వండి’ అన్నా.

‘ఏ బోరమ్మా?’ అన్నాడు పెద్దాయన.

‘పన్నెండు.’

‘పన్నెండంటే ఏంటో తెలుసా?’

తెలీదు. ఆయన చెప్పాడు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను, అంటే 453 గ్రాములు తూగుతాయట. గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. పాయింట్ టూటూ రైఫిలుదైతే 5.6 మిల్లీమీటర్లే. దీని బ్రష్షు దానికి పట్టదు, దానిది దీనికి ఆనదు. ‘ఈ పెట్టెలో సగం మీకు పనికిరానివే’ అంటూ దాన్ని పక్కకు నెట్టేశాడు.

‘ఎక్కువ కాలుస్తారా?’

‘ఒక్కసారీ కాల్చలేదండీ.’

‘అయితే మీకు మసి కాదమ్మా శత్రువు, తుప్పు. ఇది సముద్రపు ఊరు. చేతి చెమట కూడా ఇనుముని తినేస్తుంది.’

ఇక ఒక్కొక్కటీ ఏరి పెట్టాడు. ఇత్తడి రాడ్డు. అది తుపాకీ ఉక్కుకంటే మెత్తన, గీతలు పడవు. కంచు తీగల బ్రష్షు ఒకటి. నూనె పట్టించడానికి ఉన్ని కుచ్చు. మసి కరిగించే ద్రావకం చిన్న సీసా, తుప్పు రాకుండా కాపాడే నూనె మరో సీసా... ఆ రెండూ ఒకటి కావని అప్పుడే తెలిసింది. నూనె పల్చటి పొరలా ఉండాలి తప్ప కారకూడదు. కారితే కర్ర మడమ పాడవుతుంది. కొబ్బరినూనె సంగతి చెబితే నవ్వాడు. 24 డిగ్రీలు దాటి చల్లబడితే అది పేరుకుపోతుంది కదా, గుర్రం దగ్గర పేరుకుంటే ఇంకేముంది!

డబ్బులిచ్చేటప్పుడు ఆయనే అన్నాడు. ‘తుడిచే గదిలో తూటా ఉండకూడదమ్మా. అది పెట్టెలో పెట్టి అమ్మలేం.’

ఇంటికొచ్చి కిట్ ఇస్తే నాన్న ఒక్కో వస్తువూ వేళ్లతో తడిమి చూశారు. ‘రాడ్డు బాగుంది’ అన్నారు. తర్వాత తుపాకీ మడత విప్పి, గొట్టాలు కిటికీ వైపు ఎత్తారు. ‘అమ్మలూ, ఇలా రా. ముట్టుకోకు, చూసి చెప్పు. రెండింట్లోనూ వెలుతురు కనిపిస్తోందా?’

పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆ తుపాకీ దగ్గరకు రానివ్వడం అదే మొదలు. రెండు గుండ్రటి వెలుతురు బిళ్లలు... తళతళలాడుతూ కనిపించాయి.

‘కనిపిస్తోంది నాన్నా.’

‘నాకు రెండూ మసగ్గానే ఉన్నాయే’ అన్నారు మెల్లగా.

మతిమరుపు కాదు... శుక్లాలు. ఎన్నాళ్లుగానో తూటాల్ని చూసి కాదు, తడిమి లెక్కపెట్టుకుంటున్నారు. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. నేను కొనాల్సింది కిట్ కాదు, కంటి డాక్టరు దగ్గర టోకెన్!

మర్నాడే తుపాకీ పోలీస్‌స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నారు. రెండు కళ్లకీ ఆపరేషన్లు అయి, డాక్టరు సరేనన్నాకే వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో ఉంటాయి. డ్యూటీ నుంచి రాగానే వరండాలోనే మడత విప్పుతారు. రెండు గదులూ చూసి, వేలు పెట్టి మరీ తడుముతారు. అంతటితో సరిపోదు, ఇంకొకరు కూడా చూడాలి.

‘తుపాకీ పేలి’ అని ఎన్ని వార్తలు దిద్దానో! తుపాకీ తనంతట తాను పేలదు. ఎవరో ఒకరు చూడాల్సింది చూడకపోతేనే పేలుతుంది. ఆ మాటకు మా సింగిల్ కాలమ్‌లో చోటుండదు.

నాన్న రోజూ సాయంత్రం గుమ్మంలోంచి పిలుస్తారు, ‘ఏమేవ్, ఓసారి చూడు.’

పొయ్యి మీది కూర దించి మరీ వచ్చి చూస్తుంది అమ్మ. ‘ఆ... ఖాళీయే. రండి లోపలికి.’