2491 కట్టలు, ఒక తాళం

మీకో చిన్న లెక్క. 2491 తునికాకు కట్టలున్నాయి. ఒక్కటీ మిగలకుండా, ప్రతి వరసలో సమానంగా వచ్చేలా కల్లంలో పేర్చాలి. ఎన్ని వరసలు?

భద్రాచలం అవతల చర్ల వైపు మా చిన్నమ్మ వాళ్లకి ఎండాకాలం అంటే తునికాకు కాలమే. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. 50 ఆకులకో కట్ట. కట్టలన్నీ కల్లంలో వరసగా ఆరబెడతారు.

పై లెక్కకి 2, 3, 5, 7 అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోతే పదిహేనో ప్రయత్నంలో 47 దొరుకుతుంది. కానీ 17వ శతాబ్దంలోనే ఫెర్మా ఓ అడ్డదారి చూపాడు. ముందు 50 వరసలు, వరసకి 50 చొప్పున పేర్చండి. ఒక మూల 9 కట్టలు తక్కువ పడతాయి, అంటే 3×3 ఖాళీ. చివరి మూడు వరసల్లో 47 చొప్పునే ఉన్నాయి కదా? ఆ మూడింటినీ తీసి పక్కన నిలువుగా పెట్టండి. 47 వరసలు, వరసకి 53. అయిపోయింది!

ఇంటర్నెట్‌లో చాలా తాళాలు ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి. 1977లో వచ్చిన ఆర్ఎస్ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణిస్తారు. గుణించడం ఫోన్‌కి చిటికెలో పని. లబ్ధం మాత్రమే ఇచ్చి ఆ రెండూ చెప్పమంటేనే చుక్కలు కనిపిస్తాయి. ఆ ఏడాదే 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, దీన్ని విడగొట్టడానికి కోట్ల కోట్ల ఏళ్లు పడుతుందన్నారు.

1994లో విడిపోయింది!

దానికి వాడింది 1981లో కార్ల్ పోమరెన్స్ కనిపెట్టిన జల్లెడ పద్ధతి. ఫెర్మా ఒకేసారి సరైన చతురస్రం కోసం చూశాడు. పోమరెన్స్ బోలెడన్ని చతురస్రాలు తీసుకుని, మిగిలే ముక్కల్ని జల్లెడ పట్టాడు. చిన్న చిన్న ప్రధాన సంఖ్యలుగా విడిపోయేవే ఉంచుకుని, వాటిలో కొన్నింటిని గుణించి కొత్త వర్గం తయారుచేశాడు. ఇందులో గొప్ప సౌకర్యం ఏంటంటే, పనిని పంచుకోవచ్చు. ఊరంతా తలా ఇంత ఆకు కోసి ఒకే కల్లానికి తెచ్చినట్టు, సుమారు 600 మంది తమ కంప్యూటర్లతో ఎనిమిది నెలలు పట్టిన జల్లెడ అది. ఇంకా మెరుగైన జల్లెడతో 2020లో 250 అంకెల సంఖ్యా విడిపోయింది. ఇప్పుడు ఎక్కువగా వాడే తాళానికి 617 అంకెలు.

మొన్న మా తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు, ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తదంట గదా. తాళాలన్నీ పగిలిపోతే అమ్మ పైసలు ఉంటయా?"

తునికాకు డబ్బులు పడేది బ్యాంకు ఖాతాలోనే మరి. వాడి భయం ఉత్తది కాదు. 1994లోనే పీటర్ షోర్ క్వాంటం కంప్యూటర్ ఈ లెక్క వేగంగా చేయగలదని చూపించాడు. అయితే అమరావతిలో పెడతామని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రానికి 156 క్యూబిట్లు. 617 అంకెల తాళానికి దాదాపు పది లక్షలు కావాలని అదే ఏడాది గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ అంచనా. కానీ 2019లో ఆయనే మరొకరితో కలిసి వేసిన అంచనా రెండు కోట్లు! యంత్రం పెరుగుతోంది, అవసరం తగ్గుతోంది.

మామూలు కంప్యూటర్‌కైనా ఈ లెక్క ఎప్పటికీ కష్టమేనని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. సులువైన దారి దొరకలేదు, అంతే. అందుకే 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కొత్తరకం తాళాలకు ప్రమాణాలు ఇచ్చింది.

తమ్ముడికి రెండు మాటలు చెప్పాను. ఇవాళ్టి దొంగకి క్వాంటం అక్కర్లేదు, ఓటీపీ చాలు. అది ఎవరికీ చెప్పొద్దు. రేపటి కొత్త తాళం వచ్చేది అప్‌డేట్‌లోనే.

మనం కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఇంట్లో పెద్దవాళ్లకి ఇస్తాం. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌కి కొత్త తాళం ఎలా వస్తుంది? మీ ఇంట్లో అలాంటి ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఓసారి చూడండి.