కాలినడక దూరం

మొన్న మా అబ్బాయి హైదరాబాదు నుండి వచ్చి, ఇంటికప్పు వంక తేరిపార చూసి, "నాన్నా, వచ్చే ఎండకాలం దీన్ని విప్పేద్దాం" అన్నాడు. విప్పడమంటే మిద్దె మీది మట్టి దించి, దూలాలు తీసి, గోడలు పడగొట్టి స్లాబు వేయడం. మా తమ్ముడు ముందే సరేనన్నాడు. కాగితం మీద నా సంతకమొక్కటే మిగిలింది.

ఇల్లు తాతగారు కట్టించినది. మూరెడు మందం మట్టిగోడలు, టేకు దూలాలు, నేలంతా నాపరాయి. నాపరాయి అని నేను వ్రాస్తాను గాని ఊరందరికీ అవి షాబాదు బండలే. షాబాదు కర్ణాటకలో ఉన్నది; మా బండలు మాత్రం తాండూరు గనులవి. ముప్పైయేళ్లు బడిలో ద్వారబంధమనీ గడప అనీ పాఠం చెప్పి, ఇల్లు చేరగానే దర్వాజ, కడప అనేవాణ్ణి. తెలుగు పండితుణ్ణి కదా, ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు!

మా వీధిలో ఇటువంటి మిద్దెలు నా చిన్ననాడు పదకొండు. ఇప్పుడు మూడు.

"తిండికి 2019లో యునెస్కో గుర్తింపు వచ్చిన నగరం, అక్కడికే వచ్చి ఉండరాదా" అని కూడా మావాడు ఊరించాడు. వచ్చింది, నిజమే. కాని వాడి అపార్ట్‌మెంటు నుండి పాలపొట్లానికి కూడా బండి తీయాలి. బంట్వారంలో నా మోకాళ్లు ఒప్పుకొన్నంత మేరలోనే కిరాణా కొట్టు, ఆంజనేయస్వామి గుడి, బొడ్రాయి, బస్సు ఆగే చోటు. ఎంత దూరమని ఎవరినడిగినా "గీడనే సారూ" అంటారు. ఆ కొలతకు మా లెక్కల సారు కూడా ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక తిండి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, లభించింది. సున్నపురాయి నిక్షేపాలున్న ఈ నల్లరేగడి వల్లనే ఆ రుచి అంటారు. అంటే నా కాళ్ల కింది బండా, కంచంలోని పప్పూ ఈ నేలవే. ఇది చదివిననాడు పప్పులో మరొక చెంచా నెయ్యి వేసుకొన్నాను.

సాయంకాలం దీపాలవేళ వీధిలో నడుస్తుంటే ఇంటింటా జొన్నరొట్టె చరిచే చప్పుడు. ఒకరిది గబగబా, ఒకరిది నిదానంగా, మధ్యలో గాజుల మోత. ఏ ఇంటి ముందున్నానో కళ్లు మూసుకొని చెప్పగలిగేవాణ్ణి. మూల ఇంటి అవ్వ చప్పుడు ఆపి, "సారూ, పుంటికూర పప్పు చేసిన, ఓ రొట్టె తిని పో" అని పిలిచేది. ఇంటివద్ద రాత్రి భోజనం తగ్గడానికి కారణం వయస్సు కాదని మా ఇంటావిడకు తెలుసు.

నిరుడు ఆ అవ్వ మిద్దె విప్పారు. కొత్త ఇంట్లో వంటిల్లు వెనుక ఉన్నది. రొట్టె చప్పుడు వీధిలోకి రాదు. పాత ఇల్లు పోయిందని బాధగా లేదా అని అడిగాను. "ఏం బాధ సారూ, వానొస్తే నిద్ర వడుతున్నది" అన్నది.

ఆ మాటకు నా వద్ద జవాబు లేదు. 2020 అక్టోబరు వానలకు మా మిద్దె నాలుగుచోట్ల కారింది. నేను పుస్తకాల మీద గోనెపట్టా కప్పుకొంటూ తిరిగాను. గిన్నెలు మార్చుతూ రాత్రంతా మేలుకొన్నది ఆమె. నా పాత ఇంటి మమకారానికి కూలి ఇచ్చుకొన్నది ఎవరో అప్పుడు తెలిసింది. అబ్బాయి మాటకు ఆమె ఔననలేదు, కాదనలేదు. చేటలో కందిపప్పు ఏరుతూ కూర్చున్నది.

నిన్న మేస్త్రీని పిలిపించాను. బండలు పగలకుండా లేపి మళ్లీ పరవాలి, దర్వాజ అదే ఉండాలి, అరుగు కదిలించరాదు, వంటింటి కిటికీ వీధివైపు పెట్టాలి అన్నాను. చివరిదానికి అతడు నసిగాడు.

"మనది తూర్పుముఖం ఇల్లు గదా, ఆగ్నేయం వీధిదిక్కే వస్తది" అన్నాను. వాస్తు మీద నాకు నమ్మకం లేదు. అతనికి ఉన్నది.

సంతకం చేసి లోపలికి వెళ్లేసరికి మా ఇంటావిడ చేట పక్కన పెట్టి, "కిటికీ పెద్దగ పెట్టమను, పొగ పోవాలె" అన్నది.