ఖాళీగా లేచు చేయి



ఏబది నాలుగేండ్ల వయస్సులో గిటారు నేర్చుకొనుచున్నాను. కొల్లేటి లంకలోని మా సంఘమున తబలా వాయించు పెద్దాయన గతించిన పిమ్మట పాటల నడక చెదరిపోయెను. ఏలూరులో చదువుకొను మా సంఘపు కుర్రవాడే నాకు గురువాయెను.

ఆరు తీగెలను కలిపి మీటుచు, ఎనిమిది మాత్రలలో చేయి నాలుగుమార్లు క్రిందికి, నాలుగుమార్లు పైకి ఆడవలెను. కొన్ని మాత్రలలో తీగెలను తాకరాదు. అయినను చేయి ఆగరాదు. నేనో, తప్పిన ప్రతిసారి ఆగి దిద్దుకొనుచుంటిని. ఒక ఆదివారము నాతోపాటు సంఘమంతయు పాట మధ్యనే ఆగిపోయెను. సిగ్గుతో తల వంచుకొంటిని.

"అయ్యగారూ, తప్పు పోతే పోనీయండి. చెయ్యి మాత్రం ఆపకండి," అనెను కుర్రవాడు.

మన కీర్తనల తలమీద అచ్చువేసియుండు ఆదితాళములోను అంతే గదా! అరచేయి త్రిప్పి విసిరినప్పుడు చప్పుడుండదు, లెక్క యుండును. కొల్లేటిలో దోనె నడుపువాని గడయు నీటినుండి ఖాళీగానే లేచును. లేవనిదే మరల త్రోయలేడు.

మీకు ఎన్నడును చెప్పని మాట యొకటి. ఆ పెద్దాయన పోయిన దినములలో, ప్రార్థనకు మాట రాలేదని నేను మోకరించుటయే మానుకొంటిని. ఇప్పుడు మాట రాని ఉదయములందును మోకరించుచున్నాను.