పాలిథిన్ గుడిసె నేర్పిన పాఠం

వార్షికోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయండని వార్డెన్ సార్ ఫోను చేసినప్పుడు మేము నలుగురం చాలాసేపు ఆలోచించాం. ర్యాంకుల గురించి, ఉద్యోగాల గురించి రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేము మాత్రం వంటగది వెనక మా చేతులారా చంపుకున్న పదిహేను వందల టమాటా మొక్కల గురించి రాయాలనుకున్నాం. ఇది 2006 నాటి సంగతి. అప్పుడు మేము పదో తరగతి.

మా నలుగురిలో ఒకడి అమ్మ కూలి పనికి పోయేది. ఆ ఏడాది మొదటిసారి ఒక రైతు దగ్గర బోరు కింద పది సెంట్ల నేల గుత్తకు తీసుకుంది. టమాటా వేయాలని ఆమె ఆశ. నారు కొనడానికి డబ్బులు లేవు. సంక్రాంతి సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు "నారు మేము పెంచిస్తాం లేమ్మా" అని గొప్పగా చెప్పి వచ్చాం. సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు ఎడం పెడితే పది సెంట్లకు పదిహేను వందల మొక్కలు కావాలని లెక్క తేలింది.

హాస్టల్ లైబ్రరీలో ఒక పాత వ్యవసాయ పత్రిక ఉండేది. అందులో ఎక్కడిదో చలిదేశపు గ్రీన్‌హౌస్ బొమ్మ ఉంది. బయటంతా మంచు, లోపల పచ్చటి మొక్కలు. ఆ బొమ్మ చూసి మాకు పిచ్చి పట్టింది. కటింగుకు, సబ్బులకు ఇచ్చే డబ్బుల్లో మిగుల్చుకుని పాలిథిన్ పట్ట కొన్నాం. కామాటి పెద్దయ్య వెదురు బొంగులు తెచ్చి ఇచ్చాడు. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పుతో గుడిసె లేచింది. లోపల ఎత్తు మడులు చేసి, పశువుల ఎరువు కలిపి విత్తనాలు వేశాం. పట్ట చాలక ఒక పక్క తెరిచే ఉంచాం. అది మా లోపమని రోజూ బాధపడేవాళ్ళం. నారు మాత్రం నెల తిరిగేసరికి జానెడు ఎదిగి, చూడ ముచ్చటగా తయారైంది.

ఫిబ్రవరి మూడో ఆదివారం మధ్యాహ్నం నారు తీసుకుపోవడానికి అమ్మ వస్తానని కబురు పంపింది. ఆ రోజు ఉదయం మిగిలిన పట్ట కూడా సంపాదించి నాలుగో పక్క మూసేశాం. మేకలు దూరకుండా, దుమ్ము పడకుండా అంచుల మీద రాళ్ళు పెట్టి, తలుపు తాడుతో గట్టిగా కట్టి, పది గంటలకు స్పెషల్ క్లాసుకు పోయాం. బొమ్మలో ఉన్నట్టే మా ఇల్లు పూర్తయిందని సంతోషం.

నాలుగు గంటలకు వచ్చి తాడు విప్పితే లోపల నుంచి వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. నారంతా ఉడికిన ఆకుకూరలా మడుల మీద వాలిపోయి ఉంది. నీళ్ళు పోశాం. ఒక్కటీ తల ఎత్తలేదు. ఐదు గంటలకు అమ్మ రెండు గంపలతో వచ్చింది. బస్సు చార్జీలకు అప్పు చేసి వచ్చిందని మాకు తర్వాత తెలిసింది. ఆమె తిట్టలేదు. ఒక మొక్క పీకి వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఊపిరాడక పోయినాయి నాయనా. గాలి దూరనీకుండా మూసి పెడితే మనిషే బతకడు గదా" అంది.

ఆమెను మా గదిలో కూర్చోబెట్టాం. రేకుల కప్పు. పద్దెనిమిది మంది ఉండే గది. రెండు కిటికీల్లో ఒకదానికి ఎప్పుడో మేకులు కొట్టేశారు. రెండో దానికి అడ్డంగా మా ట్రంకు పెట్టెలు మేమే పేర్చుకున్నాం. పైనున్న వెంటిలేటర్లలో దోమలు రాకుండా పాత పేపర్లు కుక్కాం. ఆమె కొంగుతో విసురుకుంటూ కప్పు వైపు చూసి, "మీరూ దీంట్లోనే ఉండారా?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాం. అంతకు ముందు వారమే స్టడీ అవర్లో ఏడో తరగతి పిల్లవాడొకడు కళ్ళు తిరిగి పడిపోయాడు. సరిగా తినలేదని వాణ్ణే కోప్పడ్డాం.

మర్నాడు జరిగింది సైన్స్ సార్‌తో చెప్పాం. సార్ ల్యాబ్ థర్మామీటరు ఇచ్చి, "ఏడవడం కాదు, కొలవండి" అన్నారు. ఖాళీ గుడిసెను మళ్ళీ మూసి, ఎండ తగలకుండా పలక చాటున థర్మామీటరు పెట్టాం. మధ్యాహ్నం ఒంటిగంటకు బయట నీడలో 34 డిగ్రీలు. లోపల 52.

ఎందుకలా అయిందో సార్ నేల మీద బొమ్మ గీసి చెప్పారు. ఎండ పాలిథిన్ లోంచి లోపలికి వస్తుంది. మట్టి వేడెక్కుతుంది. మట్టిని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బయట అయితే ఆ గాలి వెళ్ళిపోయి చల్లగాలి వస్తుంది. గుడిసెలో పోయే దారి లేదు. తర్వాత కాలేజీలో రాబర్ట్ వుడ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1909లో చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు మా గుడిసె గుర్తొచ్చింది. ఆయన ఒక పెట్టెకు గాజు మూత, ఇంకో పెట్టెకు రాతి ఉప్పు పలక మూత పెట్టాడు. వేడి కిరణాలను గాజు ఆపుతుంది, ఉప్పు పలక వదిలేస్తుంది. అయినా రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. వేడిగాలి లోపల చిక్కుకుపోవడమే అసలు కారణమని ఆయన తేల్చాడు. అమ్మ ఒక్క మొక్క నలిపి చూసి చెప్పింది కూడా అదే.

చలిదేశంలో గ్రీన్‌హౌస్ వేడిని దాచుకోవడానికి. మన అనంతపురం జిల్లాలో వేడిని బయటికి పంపడమే పెద్ద పని. ఆ తేడా తెలియక బొమ్మను కాపీ కొట్టాం.

ఈసారి కొలుచుకుంటూ కట్టాం. గాలి ఆడే కంతలు నేల వైశాల్యంలో ఐదో వంతైనా ఉండాలని సార్ చెప్పారు. మాది 96 చదరపు అడుగులు, అంటే దాదాపు 19 చదరపు అడుగుల దారి కావాలి. సగం కింద, సగం పైన పెట్టాం. రెండు పక్కలా మోకాలి ఎత్తు వరకు పట్ట పైకి చుట్టేలా చేశాం. నడికప్పు పొడవునా ఒక చీలిక పెట్టి, దాని మీద తాడుతో లేపే రెక్క కట్టాం. కింద నుంచి చల్లగాలి వస్తే పై నుంచి వేడిగాలి దానంతటదే పోతుంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. అదే మధ్యాహ్నపు వేళ లోపల 41 చూపించింది. కప్పు మీద కానుగ కొమ్మలు పరిస్తే 38కి దిగింది. గాలి వచ్చే వైపు తడి గోనెపట్టాలు వేలాడదీస్తే ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గింది.

గోనెపట్టాల విషయంలో ఒక జాగ్రత్త కూడా నేర్చుకున్నాం. మన పొడిగాలిలో తడిపట్టా బాగా పనిచేస్తుంది, కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అంతగా పనిచేయదు. తడి పెట్టి పై దారి మూస్తే మాత్రం ఎక్కడైనా ముప్పే. ఒక రోజు రెక్క లేపడం మరిచిపోయాం. రెండు రోజుల్లో ఒక మడిలో మొక్కలు మొదళ్ళు మెత్తబడి పడిపోయాయి. అది నారుకుళ్ళు తెగులు. లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిపితే మిగిలినవి దక్కాయి. అప్పటి నుంచి నోటుబుక్కులో డ్యూటీ రాసుకున్నాం. ఉదయం ఎనిమిదికి తెరవాలి. మధ్యాహ్నం వేడి చూసి రాయాలి. సాయంత్రం ఐదున్నరకు కింది పట్ట దించాలి. పై రెక్క మాత్రం రాత్రి కూడా కొద్దిగా తెరిచే ఉంచాలి.

ఆ నోటుబుక్కే మా గదిని కూడా మార్చింది. ఒక మధ్యాహ్నం థర్మామీటరు గదిలో పెడితే 40 డిగ్రీలు. అంకె రాసి వార్డెన్ సార్‌కు చూపించాం. ఆయన ఏమీ మాట్లాడకుండా కామాటి పెద్దయ్యను పిలిచి కిటికీ మేకులు పీకించారు. పెట్టెలు మంచాల కిందికి పోయాయి. వెంటిలేటర్లలో పేపర్లు తీసి దోమల జాలీ కొట్టాం. పెద్దయ్య నిచ్చెన మీద నిలబడి, పొడుగు కర్రకు కుంచె కట్టి రేకులకు సున్నం పూశాడు. తమ్ముళ్ళూ, మీరెప్పుడూ రేకుల మీదికి ఎక్కొద్దు, పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తర్వాత అదే చోట, అదే వేళకు 36 చూపించింది. చిన్న పిల్లలు స్టడీ అవర్లో నిద్రపోవడం తగ్గింది.

మన కథ ఇంత చిన్నదైనా ఇలాంటి కథ ఒకటి చరిత్రలోనూ ఉంది. 1851లో లండన్ హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం కట్టారు. దాని రూపం గీసిన జోసెఫ్ పాక్స్‌టన్ రైతు కుటుంబంలో పుట్టి తోటమాలిగా ఎదిగినవాడు. మొక్కల గాజు ఇళ్ళు కట్టిన అనుభవంతోనే మనుషుల కోసం అది కట్టాడు. గాలి ఆడటానికి గోడల్లో తెరిచి మూసే రెక్కలు, ఎండ ఆపడానికి కప్పు మీద గుడ్డ పరదాలు పెట్టించాడు. బెంగళూరు లాల్‌బాగ్‌లో 1889 నాటి గాజు ఇల్లు ఉంది. క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి కట్టిందే అంటారు. మీరు విహారయాత్రకు వెళ్తే పూలతో పాటు దాని కప్పును కూడా చూడండి.

ఇక అమ్మ పొలం సంగతి. రెండోసారి పదకొండు వందల మొక్కలు దక్కాయి. కానీ నెల ఆలస్యమైంది. ఏప్రిల్ ఎండలకు పూత చాలావరకు రాలిపోయింది. పగలు 35 దాటితే టమాటా పిందె కట్టడం కష్టం. గుత్త డబ్బులు పోను ఆమెకు మిగిలింది ఏమీ లేదు. మా ఒక్క పూట తెలియనితనం ఆమెకు ఒక పంట ఖరీదు చేసింది. ఈ మాట దాచి రాస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు.

జూన్‌లో మార్కుల మెమోల కోసం హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆమె మాకంటే ముందే వచ్చి ఉంది. చివరి కోతలో వచ్చిన ఒక గంప టమాటాలు వంటగదిలో దించింది. వద్దన్నా వినలేదు. ఆ రాత్రి వంట అక్క ఊరుబిండి నూరింది. పిల్లలంతా మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. మాకు మాత్రం ముద్ద గొంతు దిగలేదు.

ఇప్పుడు మాలో ఒకడు ఇంటి వెనక చిన్న షేడ్‌నెట్ ఇల్లు వేసుకుని నారు పెంచుతున్నాడు. సగం ఎండ ఆపే వల, నాలుగు పక్కలా గాలి. మొదటి ఏడాది నారులో పదిహేను వందల మొక్కలు ఆ అమ్మకే చేరాయి. ఆమె డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

తమ్ముళ్ళారా, ఈ వార్షికోత్సవానికి మేము గదికొక థర్మామీటరు తెస్తున్నాం. తలుపు పక్కన, ఎండ పడని చోట తగిలించండి. రోజూ మధ్యాహ్నం ఒకరు చూసి నోటుబుక్కులో రాయండి. అంకె పెరిగితే ముందు వెంటిలేటరులో ఏం కుక్కారో చూడండి. మీ చేతిలో లేని పని అయితే ఆ నోటుబుక్కు తీసుకెళ్ళి వార్డెన్ సార్ బల్ల మీద పెట్టండి. మేమూ అలాగే పెట్టాం.