క్షమయు శాంతియు

మనశ్శాంతిని గోరనివారు లేరు. దానికై కొందఱు తీర్థములు సేవింతురు, కొందఱు మౌనము పూనుదురు, కొందఱు వైద్యుల నాశ్రయింతురు. వీనిలో దేనిని మేము నిందింపము. కాని యశాంతికి మూలము పగయైనప్పుడు ఇవి యన్నియు పైపూఁతలే యని మా యభిప్రాయము.

క్రైస్తవులు నిత్యము పఠించు ప్రభుప్రార్థనయందు, మత్తయి సువార్తయొక్క తెలుఁగు ప్రతిలో, అపరాధమునకు ‘ఋణము’ అను పదము వాడఁబడియున్నది. అది మాకు మిక్కిలి సమంజసముగాఁ దోఁచును. అప్పిచ్చినవాని స్థితి నించుక పరికింపుఁడు. పత్రమును పెట్టెలో దాఁచి తాళము వేయును. నడిరేయి లేచి తాళమును తడవి చూచుకొనును. వడ్డికి వడ్డి కట్టుకొనును. అప్పు తీసికొన్నవాఁడో, గుఱ్ఱుపెట్టి నిద్రించుచుండును! పగయు నట్టిదే. అపకారము చేసినవాఁడు దానిని మఱచి చిరకాలమైనను, పొందినవాఁడు లెక్క వ్రాసికొనుచునే యుండును. ఆ పత్రమును చింపివేయుటయే క్షమ. తన ఋణమును క్రీస్తు సిలువపైఁ దీర్చెనని నమ్మినవాఁడు, ఇతరుల పత్రములను పట్టుకొని కూర్చుండరాదనుట క్రైస్తవుని తర్కము.

చెప్పుటకిది సులభము. 1999 జనవరి 22–23 తేదీల నడిరేయి, ఒడిశాలోని మనోహరపుర గ్రామమున, గ్రాహం స్టెయిన్సు అను ఆస్ట్రేలియా దేశపు మిషనరీ తన యిద్దఱు చిన్న కుమారులతో వాహనములో నిద్రించుచుండఁగా, ఒక మూఁక దానికి నిప్పంటించెను. మువ్వురును దగ్ధమైరి. ఆయన మూఁడు దశాబ్దములకుఁ బైగా బారిపదలో కుష్ఠరోగుల సేవలో నుండినవాఁడు. భార్యయగు గ్లాడిసును, ఒక కుమార్తెయు మిగిలిరి. హంతకులను క్షమించితిననియు, వారియెడఁ దనకు ద్వేషము లేదనియు గ్లాడిసు ప్రకటించెను.

ఇట్లయినచో దుర్మార్గులకు భయమేదియని కొందఱడుగుదురు. న్యాయస్థానములు తమ పని తాము చేసినవి. 2011లో సుప్రీముకోర్టు ప్రధాన నేరస్థుని యావజ్జీవశిక్షను స్థిరపఱచెను. ఆమె క్షమ దానికడ్డు రాలేదు.

ఇచ్చట నొకమాట చెప్పక తప్పదు. అత్తవారింట దెబ్బలు తిన్న పడుచును, క్షమింపుమమ్మా నీకే శాంతియని మరల నా యింటికే పంపు పెద్దలు మనలో లేకపోలేదు. వారు కోరునది తమ శాంతియే. పత్రమును చింపు నధికారము అప్పిచ్చినవానిదే. వీథిలోని మధ్యవర్తుల కందులో హక్కెక్కడిది?

క్షమించినంతమాత్రమున దుఃఖము తొలఁగునని మేము చెప్పము. భర్తయు కుమారులును లేని యింట నామె యెన్ని రాత్రులు మేల్కొనియుండెనో! అయినను వెంటనే స్వదేశమునకుఁ బోలేదు. తనవారు దగ్ధమైన జిల్లాకుఁ బ్రక్క జిల్లాలోనే, 2004 వఱకు, ఆ కుష్ఠరోగుల శరణాలయమును నడపుచు నిలిచియుండెను. మఱుసటి యేఁట భారత ప్రభుత్వ మామెకు పద్మశ్రీ నొసఁగెను.