ఎదురుగాలే ఎత్తు

జంపని నుంచి రేపల్లె మీదుగా నిజాంపట్నం రేవుకి సుమారు 45 కిలోమీటర్లు. దారిలో కొండ కాదు కదా, గుట్ట కూడా లేదు. మరి ఒంటరిగా సైకిలు తొక్కేవాళ్లకి పరీక్ష ఎక్కడ? గాలిలో!

సంక్రాంతి వెళ్లాక ఓ ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరాలి. మంచు విడవకముందే వేమూరు వెనకబడిపోతుంది. వరి కోసిన చేలల్లో మినుము, మొక్కజొన్న. పక్కన రేపల్లె రైలు కూత వినిపిస్తే సరేసరి. భట్టిప్రోలులో మాత్రం దిగాల్సిందే. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో ధాతువులున్న స్ఫటిక పేటిక దొరికిన స్తూపం ఇక్కడిదే.

రేపల్లె దాటాక నీడ తగ్గి, రొయ్యల చెరువులు మొదలవుతాయి. ఎనిమిదింటికల్లా ఇక్కడుంటే హాయి. పదకొండు దాటిందో, సముద్రపు గాలి ఎదురొస్తుంది. తొక్కేకొద్దీ రోడ్డు సాగుతున్నట్టే ఉంటుంది. జట్టుగా వెళ్తే ముందున్నవాళ్ల చాటున తొక్కొచ్చు. ఒంటరికి ఆ సుఖమూ లేదు.

ఇంతా చేసి రేవు చేరితే సముద్రం కనిపించదు! పడవలు ఆగేది పాయలో. అసలు కడలి మడ అడవుల అవతల. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చింది ఈ తీరానికే. అప్పటి ఐరోపా వర్తకుల నోట ఇది 'పెటపోలి'. ఇప్పుడు ఎండుచేపల వాసన, వలలు బాగుచేసుకునే చేతులు.

భోజనం చేసి, గాలి బాగా పుంజుకున్నాకే తిరుగుముఖం పట్టాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లని ఏడిపించిన గాలే ఇప్పుడు వీపు తట్టి తోస్తుంది. సైకిలుకి లైటు మాత్రం మరవొద్దు. చలికాలం పొద్దు వేమూరు దగ్గరే వాలిపోవచ్చు.