పాత తారు

ప్రొద్దుటూరిలో పాత బంగారమును పాఱవేసినవారిని మేమింతవఱకు చూచియుండలేదు. అరిగిన గొలుసైనను, విఱిగిన కమ్మయైనను కంసాలి మూసలో కరగించి, మాలిన్యము తీసి, క్రొత్త నగ చేయును. బంగారమునెడల నింత తెలివి చూపు మనము వీథియెడల నేల చూపమో!

మా యింటి సంగతియే చెప్పెదము. మా చిన్ననాడు వీథినుండి యింటిలోనికి మూడు మెట్లెక్కవలసి యుండెను. గోతులు పడినప్పుడెల్ల పాతదానిపైనే క్రొత్త తారు పోసి రోలరు నడపిరి. ఒక మెట్టు పోయెను. తక్కిన రెండును పోయెను. నేడు గడపయే వీథికంటె పల్లమైనది. మొన్నటి వానకు నీరు వంటయింటిలో జొరబడి బియ్యపు బస్తాను తడిపినది. ఆడువారు చెంబులతో నీరెత్తి పోయుచుండగా మేము మంచముపై కాళ్లు ముడుచుకొని పురపాలనమునుగూర్చి యుపన్యసించుచుంటిమి! మా గృహిణి యొక్కమాట యనెను: “పాత పెళ్లలు గీకకుండా పొయ్యికి మట్టి మెత్తితే నిలుస్తుందాండీ?”

ఆ మాటలో శాస్త్రమున్నది. రోడ్డులోని కంకర చావదు. తారు ముడినూనెను శుద్ధిచేయగా మిగులు జిగురు. ఎండకును గాలికిని మెత్తదనము తగ్గి పెళుసెక్కును. యంత్రముతో పైపొరను గీకి, జల్లించి, మిక్కిలి కాచిన క్రొత్త కంకరతోను మెత్తని తారుతోను తగుపాళ్లలో కలిపినచో నది మరల పనికివచ్చును. పాతదానికి మంట నేరుగా తగులరాదు. తగిలినచో తారు మాడిపోవును. క్రొత్త కంకర తన వేడినిచ్చియే దానిని కరగించును. పాళ్లు తప్పినచో మాత్రము రోడ్డు పగులును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 2015లోనే యీ పనికి పద్ధతులు ప్రకటించిరి. పాతపొర గీకిన పిదపనే క్రొత్తది వేయవలెనని 2021లో తమిళనాడు ప్రభుత్వమాజ్ఞాపించెను.

ఇటీవల జమ్మలమడుగునుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవుచు, త్రోవప్రక్క గుట్టగా పడియున్న తారుపెళ్లలను చూచితిమి. కొండలు పగులగొట్టి తెచ్చిన కంకర యది. పరదేశముల కెదురు సొమ్మిచ్చి కొన్న నూనె యది. కంసాలి చూచిన నవ్వడా?

పాతదంతయు పాఱవేయుడనువారును, పాతదానిని కదపక పైపూత పూయువారును సంఘమునందు కలరు. మొదటివారు ధనము పోగొట్టుదురు. రెండవవారు గడప ముంచుదురు. గీకి, జల్లించి, కాచి, మంచిని నిలుపుకొనుటయే సంస్కారము.

తారు వేయుటకు ముందు పాతపొర గీకింపుడని వీథివారమందఱము అర్జీ వ్రాసితిమి. మొదటి సంతకము మా గృహిణిది.